శైవలాల నుంచి ఇంధనం: పేటెంట్ల ధోరణిని అధ్యయనం చేసే పద్ధతి – సమగ్ర మార్గదర్శి

శైవలాల (ఆల్గే) నుంచి ఇంధనం తీసే ప్రక్రియలపై దాఖలైన పేటెంట్ దరఖాస్తులను ఏడాదివారీగా లెక్కించి గ్రాఫు గీస్తే, 2007 ప్రాంతంలో గీత నిటారుగా పైకి లేచి, తరువాతి దశాబ్దపు తొలి సంవత్సరాల్లో శిఖరాన్ని చేరి, ఆపైన అమెరికాలో దిగిపోవడం, చైనాలో మరికొంత కాలం నిలబడడం కనిపిస్తుంది. చాలా నివేదికలు ఈ గ్రాఫును చూపించి అక్కడితో ఆగిపోతాయి. ఏ పేటెంటు ఇంకా అమల్లో ఉంది, ఏది ఫీజు కట్టకపోవడం వల్ల రద్దయింది, ఏది భారతదేశంలో అసలు దాఖలే కాలేదు, ఏది నిజంగా ఇంధనం గురించినది, ఏది ఇంధనం పేరు పెట్టుకున్న పోషకాహార ఆవిష్కరణ అనే ప్రశ్నలకు ఆ గీత దగ్గర జవాబు దొరకదు.

జవాబు కావలసినవారు, అంటే పరిశోధన విద్యార్థులు, అంకుర సంస్థలు పెట్టదలచినవారు, విశ్వవిద్యాలయాల్లో మేధోహక్కుల విభాగాలు చూసేవారు, ఉచితంగా దొరికే సాధనాలతోనే ఈ అధ్యయనాన్ని చేసుకోవచ్చు. ఇక్కడ వివరించే పద్ధతిలో చదవడం ముందు వస్తుంది, లెక్కపెట్టడం చివర వస్తుంది.

మొదటి అడుగు: కాలక్రమాన్ని సిద్ధం చేసుకోవడం

పేటెంట్ల సంఖ్యలోని ఎత్తుపల్లాలకు కారణాలు పేటెంట్ పత్రాల్లో కనిపించవు. అవి చమురు ధరల్లోనూ, ప్రభుత్వ విధానాల్లోనూ, కంపెనీల పుట్టుకల్లోనూ మూతల్లోనూ ఉంటాయి. అందువల్ల వెతుకులాటకు ముందే ఒక కాగితం మీద కాలక్రమం రాసుకోవాలి.

దాని మొదటి వరుసలో అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రాం ఉండాలి. ఆ కార్యక్రమంలో సుమారు 3000 రకాల శైవలాలను సేకరించి, వాటిలో 300 వరకు ఆశాజనకమైనవిగా ఎంపిక చేశారు. 1998లో ముగింపు నివేదిక వెలువడింది. తెడ్డు చక్రంతో నీటిని తిప్పే రేస్‌వే చెరువులు, నత్రజని కొరత కలిగించి కణంలో నూనెను పెంచడం వంటి మౌలిక భావనలన్నీ ఈ నివేదికలో బహిరంగంగా ఉన్నాయి కనుక, పేటెంట్ అధ్యయనం చేసేవారు దానిని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఒకసారి బహిరంగమైన విషయానికి కొత్తదనం ఉండదు. అందుకే తరువాత వచ్చినవారు ఒక ప్రత్యేకమైన రకం, ఒక జన్యువు, ఒక పరికరపు అమరిక వంటి సన్నని అంశాలపై హక్కు కోరవలసి వచ్చింది. ఈ రంగంలో దరఖాస్తుల సంఖ్య పెద్దదిగా ఉండి, ఒక్కొక్కదాని పరిధి చిన్నదిగా ఉండడానికి ఇది ఒక ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం.

తరువాతి వరుసలు వేగంగా నింపవచ్చు. శైవల ఇంధన సంస్థల్లో సోలాజైమ్ 2003లోను, ఆల్జెనాల్ 2006లోను, సఫైర్ ఎనర్జీ, జూల్ సంస్థలు 2007లోను మొదలయ్యాయి. 2008 జూలైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్లకు చేరింది. 2009లో ఎక్సాన్ మొబిల్, సింథటిక్ జీనోమిక్స్ కలిసి 60 కోట్ల డాలర్ల వరకు ఖర్చు కాగల శైవల ఇంధన కార్యక్రమాన్ని ప్రకటించాయి. 2014 రెండో సగంలో చమురు ధర కుప్పకూలింది. సోలాజైమ్ 2016లో టెర్రావియాగా పేరు మార్చుకుని ఆహార పదార్థాల వైపు తిరిగింది, 2017లో దివాలా తీసింది, దాని ఆస్తులను కార్బియాన్ కొనుక్కుంది. జూల్ కూడా 2017లోనే మూతపడింది. ఎక్సాన్ మొబిల్ 2023 నాటికి ఈ రంగం నుంచి తప్పుకుంది. ఈ వరుసల పక్కన దరఖాస్తుల గ్రాఫును పెట్టి చూస్తే, ప్రయోగశాలల జోరు కన్నా పెట్టుబడుల జోరే గీతను ఎక్కువగా నడిపిందని అర్థమవుతుంది.

రెండో అడుగు: హద్దులు గీయడం

శైవలాలు అన్న మాట కింద వేరువేరు జీవులు ఒకచోట చేరతాయి. క్లోరెల్లా, నానోక్లోరాప్సిస్, డునాలియెల్లా, బోట్రియోకాకస్ వంటి అసలైన సూక్ష్మ శైవలాలు ఒక వర్గం. నీలి ఆకుపచ్చ శైవలాలని పిలుస్తున్నా నిజానికి బాక్టీరియా అయిన సయనోబాక్టీరియా మరొకటి. సూర్యకాంతితో పనిలేకుండా, ఉక్కు ట్యాంకుల్లో చక్కెర తిని నూనె కూడబెట్టే ప్రోటోథీకా వంటివి ఇంకొకటి. సోలాజైమ్ సాంకేతికత అంతా ఈ మూడో వర్గం మీదే నడిచింది. ఇక సముద్రపు పాచి ప్రధానంగా పిండిపదార్థాల మూలం, దాని నుంచి ఇథనాల్ లేదా బయోగ్యాస్ తీస్తారు. మొదటిసారి అధ్యయనం చేసేవారు సముద్రపు పాచిని పక్కన పెట్టి, మిగిలిన మూడింటిని విడివిడి గుర్తులతో నమోదు చేసుకోవడం మంచిది. చక్కెర తినే శైవలాన్నీ, ఎండలో పెరిగే శైవలాన్నీ ఒకే గంపలో వేసి ఖర్చుల గురించి మాట్లాడితే ఆ మాటకు విలువ ఉండదు.

రెండో హద్దు ప్రక్రియ దశలకు సంబంధించినది. రకాల ఎంపిక మరియు జన్యుమార్పు, పెంపకం, కోత మరియు నూనె తీయడం, ఇంధనంగా మార్చడం, సహ ఉత్పత్తులు అనే గళ్లు చాలు. ఒక్కొక్క గడిలో పేటెంట్లు ఎందుకు పుడతాయో తెలిస్తే వర్గీకరణ తేలికవుతుంది. ఉదాహరణకు, బహిరంగ చెరువులో పెరిగిన శైవలం లీటరు నీటికి సుమారు అర గ్రాము నుంచి ఒక గ్రాము పొడి పదార్థం మాత్రమే ఇస్తుంది. కిలో పదార్థం కావాలంటే వెయ్యి నుంచి రెండు వేల లీటర్ల నీటిని వేరు చేయాలి. ఈ ఒక్క ఇబ్బంది వల్లనే గడ్డకట్టించే రసాయనాలు, గాలి బుడగలతో తేల్చే పరికరాలు, సెంట్రిఫ్యూజులు, వడపోత పొరలపై వరుసగా దరఖాస్తులు వచ్చాయి. ఆరబెట్టే అవసరమే లేకుండా తడి ముద్దను 250 నుంచి 375 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అధిక పీడనంలో ముడిచమురు వంటి ద్రవంగా మార్చే హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్‌పై ఆసక్తి పెరగడానికి మూలం కూడా ఇదే. జన్యుమార్పు గడిలో ఉన్న ఇబ్బంది వేరు: నత్రజని తగ్గిస్తే నూనె పెరుగుతుంది కాని కణాల ఎదుగుదల ఆగుతుంది. 2017లో సింథటిక్ జీనోమిక్స్ శాస్త్రవేత్తలు నానోక్లోరాప్సిస్‌లో ఒక నియంత్రణ జన్యువు పనిని తగ్గించి, ఎదుగుదల పెద్దగా దెబ్బతినకుండానే నూనె వాటాను సుమారు 20 శాతం నుంచి 40 శాతం పైకి తీసుకువెళ్లినట్లు ప్రచురించారు. ఈ రకమైన జన్యు స్విచ్చులపై వచ్చే దరఖాస్తులను విడి ఉపవర్గంగా ఉంచుకోవాలి.

మూడో అడుగు: సాధనాలు

యూరోపియన్ పేటెంట్ ఆఫీసు నడిపే ఎస్పాసెనెట్, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ నడిపే పేటెంట్‌స్కోప్, ద లెన్స్, గూగుల్ పేటెంట్స్, భారత పేటెంట్ కార్యాలయపు ఇన్‌పాస్ అనే ఐదూ ఉచితమే. చైనా పత్రాలకు యంత్రానువాదం ఎస్పాసెనెట్‌లో దొరుకుతుంది. ఒక భాషలో ఇచ్చిన మాటను ఇతర భాషల్లోకి విస్తరించి వెతికే సదుపాయం పేటెంట్‌స్కోప్‌లో ఉంది. గూగుల్ పేటెంట్స్ చూపించే చట్టపరమైన స్థితి కేవలం అంచనా అని అక్కడే రాసి ఉంటుంది. దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోరాదు.

నాలుగో అడుగు: వెతుకులాట సూత్రం కట్టడం

అసలు నైపుణ్యం ఇక్కడ కావాలి. మాటలతో మాత్రమే వెతికితే చెత్త ఎక్కువ వస్తుంది, వర్గీకరణ సంకేతాలతో మాత్రమే వెతికితే అవసరమైనవి జారిపోతాయి. రెండింటినీ కలపాలి.

అంతర్జాతీయ వర్గీకరణలో సూక్ష్మజీవుల ద్వారా కొవ్వులు, నూనెల తయారీకి సి12పి 7/64, ఏకకణ శైవలాలకు సి12ఎన్ 1/12, బాక్టీరియాకు సి12ఎన్ 1/20, జన్యు ఇంజినీరింగ్‌కు సి12ఎన్ 15, కొవ్వుల వెలికితీతకు సి11బి 1, నూనెను ఎస్టర్లుగా, అంటే బయోడీజిల్‌గా, మార్చడానికి సి11సి 3, ఆక్సిజన్ గల జీవపదార్థాన్ని హైడ్రోకార్బన్లుగా మార్చడానికి సి10జి 3, ద్రవ ఇంధనాలకు సి10ఎల్ 1/02 ముఖ్యమైనవి. యూరోపియన్, అమెరికా కార్యాలయాలు కలిసి 2013 జనవరి 1 నుంచి అమలు చేసిన సహకార వర్గీకరణలో ఫోటోబయోరియాక్టర్లకు (కాంతితో శైవలాలను పెంచే పాత్రలకు) సి12ఎం 21/02, జీవ ఇంధనాలకు వై02ఈ 50/10 అనే సంకేతాలు ఉన్నాయి. సయనోబాక్టీరియా బాక్టీరియా సంకేతం కిందకు వెళ్తుందన్న సంగతి మరచినవారి జాబితాలో జూల్ వంటి సంస్థల పేటెంట్లు కనిపించకపోవచ్చు.

మాటల విషయంలో జీవుల శాస్త్రీయ నామాలను తప్పక చేర్చాలి, పాత పేర్లూ కొత్త పేర్లూ రెండూ ఉండాలి. సీనెడెస్మస్ ఆబ్లిక్వస్ ఇప్పుడు టెట్రాడెస్మస్ అయింది, క్లోరెల్లా ప్రోటోథీకాయిడ్స్ ఆక్సెనోక్లోరెల్లా అయింది, నానోక్లోరాప్సిస్ గడిటానా మైక్రోక్లోరాప్సిస్ అయింది. 2010లో దాఖలైన పత్రంలో పాత పేరే ఉంటుంది.

ఆ మాటలను పూర్తి పాఠంలో కాక, శీర్షిక, సారాంశం, క్లెయిములలో (హక్కు కోరే వాక్యాలలో) మాత్రమే వెతకాలి. దీనికి గట్టి కారణం ఉంది. డీజిల్ సంకలనాలపై గానీ, ఉత్ప్రేరకాలపై గానీ వచ్చే దరఖాస్తుల వివరణ భాగంలో, ముడిపదార్థం సోయా నూనె కావచ్చు, జట్రోఫా నూనె కావచ్చు, శైవల నూనె కావచ్చు అని ఒక ఆనవాయితీ వాక్యం ఉంటుంది. పేటెంట్ న్యాయవాదులు పరిధిని పెంచుకోవడానికి రాసే ఈ వాక్యం వల్ల, శైవలాన్ని కంటితో కూడా చూడని ఆవిష్కర్తలు శైవల నిపుణుల జాబితాలో చేరిపోతారు. ఇందుకు తలకిందులైన సమస్య డీహెచ్‌ఏ అనే పోషక కొవ్వు ఆమ్లపు పేటెంట్లది. వాటి సారం శిశు ఆహారం కాగా, చివర ఉపయోగాల జాబితాలో బయోడీజిల్ అన్న మాట ఉంటుంది.

సూత్రం పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు పెట్టాలి. ముందుగానే తెలిసిన, సంబంధితమని నిర్ధారించుకున్న ఇరవై ముప్పై పేటెంట్ల జాబితా తయారు చేసుకుని, సూత్రం వాటిలో ఎన్నింటిని పట్టిందో చూడాలి. తరువాత వచ్చిన ఫలితాల నుంచి వంద పత్రాలను యాదృచ్ఛికంగా ఎంచి చదివి, ఎన్ని సంబంధం లేనివో లెక్కించాలి. మొదటి పరీక్షలో జారిపోయిన ప్రతి పత్రం ఏ మాట లేకపోవడం వల్ల జారిందో చూసి ఆ మాటను చేర్చాలి. జూల్ సంస్థ పత్రాల్లో శైవలం అన్న మాటకు బదులు కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవి అన్న వర్ణన ఎదురు కావడం ఇలాంటి పరీక్షలోనే బయటపడుతుంది.

ఐదో అడుగు: శుద్ధి చేయడం

ఒకే ఆవిష్కరణ అమెరికా, యూరప్, జపాన్, భారత్‌లలో దాఖలైతే నాలుగు పత్రాలు అవుతాయి. వాటిని ఒక పేటెంట్ కుటుంబంగా కట్టి ఒకటిగానే లెక్కించాలి. కుటుంబానికి తేదీ ఇచ్చేటప్పుడు ప్రచురణ తేదీని కాక, మొట్టమొదటి దాఖలు తేదీ అయిన ప్రయారిటీ తేదీని తీసుకోవాలి.

దరఖాస్తుదారుల పేర్లు ఇంకా చిక్కైనవి. సోలాజైమ్, టెర్రావియా, కార్బియాన్ పేర్లతో ఉన్న పత్రాల్లో అనేకం ఒకే మూలానికి చెందినవి. సింథటిక్ జీనోమిక్స్ 2021లో విరిడోస్ అయింది, పెట్రోఆల్గే పారాబెల్ అయింది. మన దేశంలో మరో రకం చిక్కు ఉంది: హైదరాబాద్‌లోని ఐఐసీటీ, భావ్‌నగర్‌లోని సీఎస్‌ఎంసీఆర్‌ఐ వంటి ప్రయోగశాలల పేటెంట్లు ప్రయోగశాల పేరుతో కాక, మాతృసంస్థ అయిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సీఎస్‌ఐఆర్ పేరుతోనే దాఖలవుతాయి. ఏ ప్రయోగశాలలో పని జరిగిందో తెలియాలంటే ఆవిష్కర్తల చిరునామాలు చూడాలి.

చైనా పత్రాల్లో చివర ‘యు’ అక్షరం ఉన్నవి యుటిలిటీ మోడళ్లు. వాటికి లోతైన పరీక్ష ఉండదు, గడువు 10 ఏళ్లే. ఫోటోబయోరియాక్టర్ల అమరికలపై ఇలాంటివి చాలా ఉంటాయి. వీటిని ఇరవై ఏళ్ల పేటెంట్లతో కలిపి లెక్కిస్తే చైనా ఆధిక్యం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లో అధిక భాగం స్వదేశంలో మాత్రమే దాఖలవుతాయి కనుక, రెండు లేదా అంతకన్నా ఎక్కువ దేశాల్లో దాఖలైన కుటుంబాలను మాత్రమే తీసుకుని మరో పట్టిక వేస్తే బొమ్మ బాగా మారుతుంది. నా దృష్టిలో ఈ రెండో పట్టికే ఎక్కువ నమ్మదగినది.

ఆరో అడుగు: క్లెయిములు చదవడం

పేటెంటు ఇచ్చే హక్కు క్లెయిముల మేరకే ఉంటుంది. వివరణ ఎంత గొప్పగా ఉన్నా, సారాంశం ఎంత ఆశ కలిగించినా, హద్దు మాత్రం క్లెయిమే. వడపోసిన జాబితాలో ఎక్కువసార్లు ఇతరులు ఉటంకించినవి, ఎక్కువ దేశాల్లో దాఖలైనవి ఎంచి, వాటి మొదటి స్వతంత్ర క్లెయిమును మాటమాటగా చదవాలి.

అమెరికా పేటెంటు 7,794,969ను అభ్యాసానికి తీసుకోండి. 2010 సెప్టెంబర్ 14న జూల్ సంస్థకు మంజూరైన దీని విషయం, జన్యుమార్పు చేసిన సూక్ష్మజీవులతో డీజిల్‌లో ఉండే ఆల్కేన్లను తయారు చేయడం. ఇక్కడ నూనెను కణంలో కూడబెట్టించి పిండడం, ఎస్టరుగా మార్చడం అనే దశలే లేవు. కణమే నేరుగా హైడ్రోకార్బన్‌ను తయారు చేస్తుంది. దీని పక్కన సీఎస్‌ఎంసీఆర్‌ఐ దాఖలు చేసిన రెండు ఆవిష్కరణలను పెట్టండి. ఒకటి జట్రోఫా బయోడీజిల్ తయారీలో మిగిలే ఉప ఉత్పత్తులతో క్లోరెల్లా వేరియాబిలిస్‌ను పెంచే సమగ్ర ప్రక్రియ. మరొకటి సముద్ర తీరంలో సహజంగా ఏర్పడే శైవలపు తెట్ల నుంచి, ఉప్పుమడులలో పెంచిన శైవలాల నుంచి ఇంజిన్‌కు పనికివచ్చే బయోడీజిల్‌ను, సహ ఉత్పత్తులతో కలిపి తీసే పద్ధతి. మొదటిది జన్యువులపై హక్కు కోరే ధోరణికి, తరువాతివి చవకైన ముడిసరుకునూ మిగులునూ ముడిపెట్టే ధోరణికి నమూనాలు. సంఖ్యల పట్టికలో ఈ మూడింటికీ సమానంగా ఒక్కొక్క గీతే పడుతుంది.

చదువుతున్నప్పుడు ప్రతి కుటుంబానికీ మూడు విషయాలు నమోదు చేయాలి: క్లెయిమ్ జీవిపైనా, ప్రక్రియపైనా, పరికరంపైనా, అందులో సంఖ్యాపరమైన పరిమితులు ఏమైనా ఉన్నాయా, దరఖాస్తు చేసిన నాటి క్లెయిముకూ మంజూరైన క్లెయిముకూ మధ్య ఎంత కుదించారు. మూడోది ఓపిక అడిగే పని అయినా, పరీక్షకులు ఏ పాత పత్రాన్ని అడ్డుపెట్టారో అక్కడే తెలుస్తుంది.

ఏడో అడుగు: ప్రాణం ఉన్నదా, ఎక్కడ ఉన్నది

పేటెంటు గడువు సాధారణంగా దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు, కాని ఫీజులు కట్టినంత కాలమే. అమెరికాలో మంజూరు తరువాత మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు నిర్వహణ ఫీజులు చెల్లించాలి. పై జూల్ పేటెంటుకు ఆ తేదీలు 2014, 2018, 2022 మార్చి నెలల్లో పడతాయి. సంస్థ 2017లోనే మూతపడింది కనుక, రెండో ఫీజును ఎవరైనా కట్టారా, హక్కు ఎవరికైనా బదిలీ అయిందా అని అమెరికా పేటెంట్ కార్యాలయపు రికార్డుల్లో చూడడం ఈ అడుగుకు మంచి అభ్యాసం. మూతపడిన ప్రతి కంపెనీ పేటెంట్లకూ ఇదే పని చేసి, అమల్లో ఉన్నవి, రద్దయినవి అని వేరు చేస్తే, 2007–2013 మధ్య వెల్లువెత్తిన పరిజ్ఞానంలో ఎంత భాగం ఇప్పుడు ఎవరైనా వాడుకోగలదో తేలుతుంది.

పేటెంటు ఏ దేశంలో మంజూరైతే ఆ దేశంలోనే చెల్లుతుంది. అంతర్జాతీయ దరఖాస్తు వేసినవారు ప్రయారిటీ తేదీ నుంచి 31 నెలల లోపు భారతదేశంలో దాఖలు చేయకపోతే, ఆ ఆవిష్కరణను ఇక్కడ వాడడానికి ఆ పేటెంటు అడ్డురాదు. కనుక ప్రతి ముఖ్యమైన కుటుంబాన్నీ ఇన్‌పాస్‌లో వెతకాలి. దరఖాస్తు ప్రచురితమైనా, పరీక్షకు అభ్యర్థన గడువులోగా దాఖలు కాకపోతే దానిని ఉపసంహరించుకున్నట్లే పరిగణిస్తారు.

మన చట్టంలో ఈ రంగానికి ప్రత్యేకంగా తగిలే నిబంధనలున్నాయి. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(సి) ప్రకారం ప్రకృతిలో ఉన్న జీవిని కనుగొన్నంత మాత్రాన పేటెంటు రాదు. చెరువులో దొరికిన క్లోరెల్లా ఎంత నూనె ఇచ్చినా దానికది పేటెంటుకు తగదు. 3(జె) మొక్కలనూ జంతువులనూ మినహాయిస్తూ సూక్ష్మజీవులను ఆ మినహాయింపు నుంచి తప్పించింది, కాబట్టి జన్యుమార్పు చేసిన సూక్ష్మ శైవలానికి దారి ఉంది. 3(హెచ్) వ్యవసాయ పద్ధతులను మినహాయిస్తుంది, బహిరంగ చెరువుల పెంపకంపై క్లెయిమ్ రాసేవారు ఈ అభ్యంతరాన్ని ముందే ఊహించాలి. కొత్త రకాన్ని మాటలతో పూర్తిగా వర్ణించలేనప్పుడు సూక్ష్మజీవుల డిపాజిట్లకు సంబంధించిన బుడాపెస్ట్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చండీగఢ్ ఎంటీసీసీ వంటి నిల్వ కేంద్రంలో దాని నమూనాను డిపాజిట్ చేయాలి. జీవవనరు భారతదేశంలో సేకరించినదైతే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో పని పడుతుంది. 2023 సవరణ తరువాత విదేశీ దరఖాస్తుదారులు పేటెంటు మంజూరుకు ముందు ఆమోదం పొందాలి, భారతీయులు నమోదు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చూసే పేటెంట్ కార్యాలయం కూడా చెన్నైలోనే ఉంది. అయితే వ్యాపార నిర్ణయానికి ముందు పేటెంట్ ఏజెంటు అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి.

ఎనిమిదో అడుగు: అప్పుడు లెక్కపెట్టడం

ఇప్పుడు గ్రాఫులు గీయవచ్చు. ప్రయారిటీ సంవత్సరం వారీగా కుటుంబాల సంఖ్య, ప్రక్రియ దశల వారీగా వాటా, అమల్లో ఉన్న కుటుంబాలు దేశాలవారీగా అనే మూడు చాలు. దరఖాస్తు ప్రచురణకు 18 నెలలు పడుతుంది కనుక చివరి రెండేళ్ల గీతను చుక్కల గీతగా చూపాలి. లేకపోతే ఏ ఏడాది చూసినా రంగం పడిపోతున్నట్లే కనిపిస్తుంది.

దశలవారీ వాటాను కాలంతో పోల్చినప్పుడు సహ ఉత్పత్తుల గడిపైన, విమాన ఇంధనంపైన ప్రత్యేకంగా కన్నేయాలి. జపాన్‌లో ఐహెచ్‌ఐ సంస్థ అభివృద్ధి చేసిన, బోట్రియోకాకస్ బ్రౌనీ నూనె నుంచి వచ్చే విమాన ఇంధనానికి 2020లో, ప్రత్యామ్నాయ విమాన ఇంధనాల అర్హతను నిర్ణయించే ఏఎస్‌టీఎం డీ7566 ప్రమాణంలో ఏడో అనుబంధంగా చోటు దక్కింది. భారత ప్రభుత్వం అంతర్జాతీయ విమానాల ఇంధనంలో సుస్థిర ఇంధనపు వాటాను 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతంగా సూచించింది. డీజిల్ నుంచి విమాన ఇంధనానికి దృష్టి మారితే సంకేతాల్లో సి11సి 3 తగ్గి సి10జి 3 పెరుగుతుంది. పాత సూత్రంలో సి10జి 3 లేకపోతే ఈ మార్పు కంటికే ఆనదు. అందుకని ఎస్పాసెనెట్‌లోగానీ లెన్స్‌లోగానీ సూత్రాన్ని భద్రపరచుకుని, ఆరు నెలలకొకసారి నడిపి, కొత్తగా వచ్చిన పత్రాలకు కేటాయించిన సంకేతాలను పాత జాబితాతో సరిపోల్చి, లేనివాటిని చేర్చుకుంటూ పోవాలి.